పాత కంటైనర్... పచ్చి చెక్క... 21 రోజుల ఓపిక!

రాత్రి పదకొండున్నర. మంగళగిరి ఆటోనగర్‌కి దగ్గర్లో ఉన్న మావయ్య షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ చూసుకుంటూ మురిసిపోతున్నా. నా ఎదురుగా 20 అడుగుల పాత షిప్పింగ్ కంటైనర్. అందులో 60 వేప పలకలు. లోపల వేడి 60 డిగ్రీలు. గ్రాఫ్‌లో తేమ గీత జారుడుబల్ల మీద పిల్లాడిలా సర్రున కిందికి దిగుతోంది. నాలుగే రోజులు! నెలలు పట్టే పనిని నాలుగు రోజుల్లో ముగించేస్తున్నానని లోపల ఒకటే గర్వం.

అప్పుడు వినపడింది, ‘టప్’మని.

పక్కన మంచం మీద పడుకున్న మావయ్య లేచి కూర్చున్నాడు. “ఏరా అల్లుడూ, ఏంటా చప్పుడు?”

“ఫ్యాన్ అయ్యుంటుంది మావయ్యా.”

ఆయన ఒక నిమిషం చెవి ఒగ్గాడు. మళ్లీ ‘టప్’. తర్వాత ఇంకోటి. నలభై ఏళ్లుగా ఉలి పట్టిన మనిషి, ఆయన్ని ఎలా మభ్యపెడతాం? “ఫ్యాన్ కాదురా. చెక్క పగులుతోంది” అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. ఆ కంటైనర్ వెనక మావయ్య పాడిన చీటీ డబ్బుంది. లోపలున్న పలకల వెనక ఒకరి గృహప్రవేశం ముహూర్తం ఉంది. ఆ రెండింటికీ మధ్య, కోడ్ రాస్తే చాలు చెక్క మాట వింటుందనుకున్న నేనున్నా.

తలుపు ఎందుకు అలుగుతుంది?

మీ ఇంట్లో కూడా చూసే ఉంటారు. వానాకాలంలో తలుపు బిగుసుకుపోతుంది, భుజం పెట్టి తోస్తే గానీ కదలదు. అదే తలుపు మే నెలలో సందులిస్తుంది. గడియ పడదు, ఏసీ చల్లదనమంతా ఆ సందులోంచి హాల్లోకి పోతుంది. అప్పుడు మనం ఎవర్ని తిడతాం? వడ్రంగిని.

మావయ్య బాధ కూడా అదే. కొలత తప్పలేదు, బిగింపు తప్పలేదు. అయినా ఒక వేసవి గడిచేసరికి ఫోన్లు మొదలు. “మీరు చేసిన తలుపు వంకర పోయింది, వచ్చి చూడండి.” వెళ్లి చిత్రిక పట్టి రావాలి, అదీ ఉచితంగా. మెల్లగా జనం చెక్క తలుపులు మానేసి ఫ్యాక్టరీ నుంచి వచ్చే రెడీమేడ్ తలుపుల వైపు పోతున్నారు. “నా పనిలో తప్పు లేదురా, పచ్చి చెక్కతో చేయాల్సి వస్తోంది” అని ఆయన ఎన్నిసార్లు అన్నాడో!

నేను హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. చెక్క గురించి నాకు తెలిసింది సున్నా. అందుకే ముందు చదివాను. అసలు విషయం ఇదీ.

చెక్కలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి, కణాల లోపలి ఖాళీల్లో. బకెట్‌లో నీళ్లలాగా అవి స్వేచ్ఛగా ఉంటాయి. రెండోది, కణాల గోడల్లోనే ఇంకిపోయిన నీరు. తడిబట్టను పిండినా మిగిలిపోయే తడిలాగన్నమాట. ఖాళీల్లో నీళ్లు పోయినంతసేపూ చెక్క సైజు మారదు. తేమ సుమారు 30 శాతానికి వచ్చాక గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. చెక్క కుంచించుకుపోయేది అక్కడి నుంచే.

ఇక్కడ శాతం అంటే ఎండిన చెక్క బరువుతో పోల్చి లెక్క. అందుకే అప్పుడే కొట్టిన కొన్ని చెట్ల చెక్కలో తేమ 100 శాతం దాటి కూడా ఉంటుంది. అంటే చెక్క కంటే అందులోని నీళ్లే బరువు!

ఇంకో చిక్కు. చెక్క అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. ఎంతో నమ్మకస్తుడని పేరున్న టేకునే తీసుకోండి. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా, మొద్దు మధ్య నుంచి బెరడు వైపు చూస్తే సుమారు 2.5 శాతం తగ్గుతుంది. వలయాల వెంబడి చూస్తే దాదాపు 5.8 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ! పలక వంకర పోవడానికి మూలం ఈ తేడాయే. 12 అంగుళాల వెడల్పున్న టేకు పలకను 25 శాతం తేమతో బిగించారనుకోండి. ఏసీ గదిలో అది 10 శాతానికి ఎండేసరికి, కోత తీరును బట్టి దాదాపు 9 మిల్లీమీటర్లు తగ్గిపోవచ్చు. చిటికెన వేలు దూరేంత సందు.

మరి ఎంత ఎండాలి? చెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో రాజీ పడుతూ ఉంటుంది. 30 డిగ్రీల వేడి, గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క దాదాపు 16 శాతం దగ్గర ఆగుతుంది. గాలి తేమ 50 శాతం ఉన్న ఏసీ గదిలో 9 శాతానికి దిగుతుంది. అంటే మన వానాకాలంలో పలకల్ని షెడ్డులో ఎన్ని నెలలు పేర్చినా అవి 16 దగ్గరే కూర్చుంటాయి. మా తాతల కాలంలో ఇళ్లలో ఏసీలు లేవు కాబట్టి అది సరిపోయింది. ఇప్పుడు సరిపోదు. ఏ ప్రాంతంలో, ఏ పనికి, ఎంత తేమ ఉండాలో చెప్పడానికి ఐఎస్ 287 అనే భారతీయ ప్రమాణమే ఉంది. గాలిలో తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టి మరీ చెబుతుంది.

సహజంగా దిగని చోటికి చెక్కను దింపడానికి కావాల్సిన గదినే కిల్న్ అంటారు. వేడి, గాలి, తేమ... మూడూ మన చేతిలో ఉండే గది.

సముద్రాలు తిరిగిన పెట్టె

గది కట్టాలంటే ఇటుక, సిమెంటు, ఇన్సులేషన్, గాలి పోని తలుపులు... ఖర్చు లెక్కేసి మావయ్య తల పట్టుకున్నాడు. అప్పుడు కనిపించింది కంటైనర్ ఆలోచన. ఇది నా సొంత తెలివేం కాదు. అమెరికా, యూరప్‌లలో చిన్న చిన్న సామిల్లుల వాళ్లు పాత కంటైనర్లని, లారీ ట్రెయిలర్లని ఇలా చెక్క ఎండబెట్టే గదులుగా మార్చుకోవడం ఎప్పటినుంచో ఉంది.

కంటైనర్ పుట్టుక కథే ఓ సినిమా. మాల్కమ్ మెక్లీన్ అనే అమెరికన్ లారీల యజమాని, ఓడరేవులో ఒక్కో బస్తా దించుతూ కూర్చోవడమెందుకు, పెట్టెకి పెట్టెనే ఓడెక్కిద్దాం అనుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 పెట్టెలతో న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి బయల్దేరింది. ఆ తర్వాత ప్రపంచ వ్యాపారమే మారిపోయింది. మన గుంటూరు మిర్చి విదేశాలకు వెళ్లేది కూడా అలాంటి పెట్టెల్లోనే.

పాత కంటైనర్లలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మామూలు ఇనుప పెట్టె, రెండోది చేపలు, పళ్లు పంపే రీఫర్, అంటే ఫ్రిజ్ కంటైనర్. మామూలు పెట్టె చౌక. కానీ పగలు పొయ్యిలా కాలి, రాత్రి చల్లబడి, లోపలి ఆవిరి కప్పుకి పట్టి చుక్కలు చుక్కలుగా చెక్క మీదే పడుతుంది. పైగా పచ్చి చెక్క నుంచి ఆమ్ల ఆవిర్లు వస్తాయి, ఇనుముని తినేస్తాయి. రీఫర్‌కైతే గోడల్లోనే ఫోమ్ ఉంటుంది, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ఉంటుంది. చలి లోపల ఉంచడానికి కట్టిన గోడ, వేడిని లోపల ఉంచడానికీ పనికొస్తుంది కదా!

మెషీన్ చచ్చిపోయి, పెట్టె మాత్రం బాగున్న రీఫర్ ఒకటి చెన్నైలో దొరికింది. ట్రెయిలర్ కిరాయి, క్రేన్ ఖర్చుతో కలిపి రెండు లక్షలు దాటింది. మావయ్య చీటీ పాడి తెచ్చాడు. క్రేన్ దాన్ని షెడ్డు పక్కన దించిన రోజు వీధి వీధంతా చూడ్డానికొచ్చింది. అత్తయ్య మాత్రం ఒకే మాట అడిగింది. “దీని బదులు పిల్లదాని ఫీజు కట్టుంటే?” ఎవరమూ జవాబు చెప్పలేదు.

లారీ రేడియేటర్, నేత గుడ్డ

వేడి ఎక్కణ్ణుంచి? ముందు కరెంటు హీటర్లు అనుకున్నాం. లెక్కేస్తే కళ్లు తిరిగాయి. వంద ఘనపుటడుగుల వేప చెక్కని 45 శాతం తేమ నుంచి 12 శాతానికి దించాలంటే బయటికి పోవాల్సిన నీళ్లు సుమారు 560 లీటర్లు. అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్లు 28! ఆ నీటిని ఆవిరి చేయడానికే తక్కువలో తక్కువ 375 యూనిట్లు కావాలి. గోడల నుంచి, గాలి కంతల నుంచి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువ.

దారి ఆటోనగర్‌లోనే దొరికింది. షెడ్డు బయట నీళ్ల డ్రమ్ము పెట్టి, కింద మావయ్య దగ్గర మిగిలే చెక్క ముక్కలతో మంట పెట్టాం. ఆ వేడి నీళ్లు చిన్న పంపుతో కంటైనర్ లోపలున్న పాత లారీ రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగి వస్తాయి. ఇంజిన్ని చల్లబరిచే రేడియేటర్ మా దగ్గర చెక్కకి వెచ్చదనం ఇస్తోంది. డ్రమ్ముకి మూత బిగించలేదు, ఆవిరి ఒత్తిడి కట్టకూడదని. మంట బయటే, లోపలికి వేడి నీళ్లు మాత్రమే. చెక్క ఉన్న గదిలో నిప్పు పెట్టే ఆలోచన కలలో కూడా వద్దు.

లోపల పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చం. ప్రతి వరసకీ మధ్య అంగుళం మందం ఉన్న అడ్డపట్టీలు పెడతాం. ఆ పట్టీలన్నీ పైనుంచి కిందికి ఒకే గీతలో ఉండాలి, లేకపోతే బరువుకి పలక వంగుతుంది. కప్పు కింద ఇంకో రేకు కప్పు కట్టి, రెండింటి మధ్య నాలుగు ఫ్యాన్లు పెట్టాం. గాలి పైనుంచి వెళ్లి, పక్కకి దిగి, పలకల సందుల్లోంచి దూరి, మళ్లీ పైకి. మొదట ఎయిర్ కూలర్ మోటార్లు పెట్టాం. ఆ వేడికి, ఆవిరికి వారంలో రెండు కాలిపోయాయి. తర్వాత వేడికి తట్టుకునే మోటార్లు కొనక తప్పలేదు.

ఇక నా వంతు. ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు, రెండు థర్మామీటర్ సెన్సర్లు, గాలి కిటికీలు తెరిచి మూసే మోటారు, ఫోన్‌కి వచ్చే గ్రాఫ్. రెండు సెన్సర్లలో ఒకటి పొడిగా ఉంటుంది. రెండోదానికి తడి గుడ్డ చుట్టి, కొస నీళ్ల సీసాలో ముంచుతాం. గాలి ఎంత పొడిగా ఉంటే తడి సెన్సర్ అంత చల్లబడుతుంది. రెండింటి తేడా చూస్తే గాలిలో తేమ ఎంతో తెలిసిపోతుంది. ఆ గుడ్డ ఏంటో తెలుసా? బాగా ఉతికిన మంగళగిరి నేత గుడ్డ. అమ్మ పాత చీర అంచు పక్క ముక్క. నీళ్లని అది పీల్చినట్టు ఇంకేదీ పీల్చలేదు!

బగ్ నా బుర్రలోనే

మొదటి లోడు కథ మీకు సగం తెలుసు. మేలో పెట్టాం. బయట ఎండలు మండిపోతున్నాయి. నేను 60 డిగ్రీలు సెట్ చేసి, కిటికీలు తెరిచేసి, ఫ్యాన్లు ఫుల్లుగా పెట్టా. మీటర్ సూదులు గుచ్చి చూస్తే 14 శాతం. సూపర్ అనుకున్నా.

ఐదో రోజు తలుపు తీశాం. కొనల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లు. ‘పైపైనే ఉంటాయిలే’ అన్నాను. మావయ్య ఏం మాట్లాడకుండా ఒక పలకని మధ్యలో కోసి చూపించాడు. లోపల తేనెపట్టులా చీలికలు. పైన బీటలు లేవు, లోపల గుల్ల. నా మీటర్ సూదులు పై పొరనే కొలిచాయి. లోపల తడి అలాగే ఉంది.

ఏం జరిగిందంటే, నేను తొందరపెట్టేసరికి పై పొర గబగబా ఎండి కుంచించుకుపోదామనుకుంది. లోపల తడిగా లావుగా ఉన్న చెక్క దాన్ని కదలనివ్వలేదు. పై పొర సాగినట్టే సాగి అలాగే గట్టిపడిపోయింది. తర్వాత లోపలి చెక్క ఎండి కుంచించుకోబోతే, ఈసారి గట్టిపడిన పై పొర వదల్లేదు. ఇక లోపలే చీలిపోయింది. పొయ్యి మీద పెద్ద మంట పెడితే రొట్టె పైన మాడి లోపల పిండి పిండిగా ఉంటుంది చూడండి, అలాగే.

60 పలకల్లో 22 పూర్తిగా పోయాయి. ముహూర్తం దగ్గర పడింది. మావయ్య తన జేబులోంచే ఎండిన టేకు కొని, ఆ ఇంటి తలుపులు అనుకున్న రోజుకి బిగించాడు. ఆ పనిలో ఆయనకి కూలి కూడా మిగల్లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. రెండు వారాలు నేను ఆ షెడ్డు వైపే వెళ్లలేదు.

పొగాకు తాత పాఠం

మావయ్య వాళ్ల చుట్టాల్లో కొండపి దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా పొగాకు బ్యారన్ల దగ్గరే గడిపాడు. ఏదో పెళ్లికి వచ్చి, పనిలో పనిగా కంటైనర్ చూస్తానన్నాడు. గుల్లపడిన పలకల్ని చేత్తో తడిమి, “ఏందబ్బాయా, ఆకు పండకముందే మంట పెట్టినట్టున్నావే” అన్నాడు.

ప్రకాశం జిల్లా వాళ్లకి బ్యారన్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతా. పచ్చి పొగాకు ఆకుల్ని కర్రలకి కట్టి, ఎత్తైన గదిలో వరసలుగా వేలాడదీస్తారు. మంట బయట, పొగ గొట్టాలు లోపల. ఆకుకి పొగ తగలదు, వేడి మాత్రం తగులుతుంది. మొదట 90 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, గది కిటికీలు మూసి, తడి పోనివ్వకుండా ఆకుని పసుపెక్కనిస్తారు. రంగు కుదిరాకే మెల్లగా వేడి పెంచి, కిటికీలు తెరిచి ఆకుని ఆరబెడతారు. చివర్లో ఈనె ఎండడానికి 160 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మొత్తం ఐదారు రోజుల కాపలా. మొదట్లోనే వేడి పెంచితే ఆకు పచ్చగానే మాడిపోతుంది, ఆ బ్యారన్ మొత్తానికి రేటు పోతుంది.

“తాతా, ఎంత వేడి ఎప్పుడు పెంచాలో మీకెలా తెలుస్తుంది?” అని అడిగా.

“ఆకే చెబుతాది. గడియారం చూసి పెంచేవాడు మునుగుతాడు. ఆకుని చూసి పెంచేవాడు బతుకుతాడు.”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నా కోడ్ మొత్తం గడియారం మీదే నడుస్తోంది! మొదటి రోజు ఇంత, రెండో రోజు ఇంత అని. చెక్క ఎక్కడుందో అడిగే లైను ఒక్కటి కూడా లేదు.

నిజానికి వందేళ్లుగా ఈ నేల మీద ఆకుని దశలవారీగా ఎండబెడుతున్నారు. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ఆఫీసు గుంటూరులోనే ఉంది. పొగాకు ఆరోగ్యానికి చేసే చెడు వేరే సంగతి. కానీ ఆ బ్యారన్ల ముందు రాత్రిళ్లు మేలుకున్న మనుషుల దగ్గర ఎండబెట్టే విద్య ఉంది. మిర్చి రైతుకీ ఉంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకీ ఉంది. వాళ్లు తెల్ల పొణికి చెక్కని సన్నని సెగ మీద మెల్లగా తడి తీశాకే ఉలి పెడతారు. నేనేమో విదేశీ వీడియోలు చూసి, పక్కూళ్లో ఉన్న పాఠాన్ని వదిలేశా.

అమ్మ ఓవెన్‌లో చెక్క ముక్కలు

చెక్కని ‘అడగడం’ ఎలా? దానికి పాత పద్ధతి ఒకటుంది. లోడులోని పలకల్లోంచి చిన్న ముక్క కోసి, బరువు తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా పెట్టాలి. తడి బరువులోంచి పొడి బరువు తీసేసి, పొడి బరువుతో భాగించి వందతో గుణిస్తే తేమ శాతం. మీటర్ అబద్ధం చెప్పొచ్చు, త్రాసు చెప్పదు.

మా ఇంట్లో కేకులు చేసే ఓవెన్ ఉంది. వారం రోజులు అమ్మ వంటింట్లో వేప వాసన. “కేకు అడిగితే చేసిపెడతా గానీ, ఈ చెక్కలు వండటమేంట్రా!” అని తిడుతూనే, నేను ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు తానే ముక్కలు తూచి నోట్‌బుక్‌లో రాసిపెట్టేది.

ఆ లెక్కతో ముక్క కోసిన పలకకే ఎండిన బరువు ఎంత ఉండాలో తేలుతుంది. అలాంటి ఆరు నమూనా పలకల్ని లోడు మధ్యలో పెట్టి, రోజూ తీసి తూచడం. వాటిలో అన్నిటికంటే తడిగా ఉన్నది ఎంత చెబితే, కంట్రోలర్ అంతే వేడి ఇస్తుంది. కోడ్‌లో రోజుల లెక్క తీసేసి తేమ లెక్క పెట్టా. మార్చింది నలభై లైన్లే. అర్థం కావడానికి పట్టింది రెండు నెలలు.

వానాకాలంలో రెండో లోడు

ఆగస్టులో రెండో లోడు పెట్టాం. బయట ముసురు. ఈసారి వంద ఘనపుటడుగులు, అదీ వేపే. పలకల కొనలకి ముందుగానే మైనం పూశాం. కొనల నుంచి నీళ్లు మరీ వేగంగా పోతాయి కాబట్టి పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

మొదటి వారం వేడి 42 డిగ్రీలు దాటనివ్వలేదు. కిటికీలు దాదాపు మూసే ఉంచాం. లోపలికెళ్తే ఆవిరి స్నానం చేసినట్టే. పొడి, తడి సెన్సర్ల మధ్య తేడా రెండు మూడు డిగ్రీలే. ఎండబెట్టాల్సిన చెక్కని తడి గాలిలో ఎందుకు ఉంచుతారని మీరు అడగొచ్చు. పై పొర మెత్తగా ఉంటేనే లోపలి నీరు బయటికి నడిచి వస్తుంది. రోజుకి ఒకటిన్నర, రెండు శాతం. గ్రాఫ్ చూస్తే నిద్రొచ్చేది. ఆ నిద్రొచ్చే గ్రాఫే మంచి గ్రాఫ్ అని అప్పటికి నేర్చుకున్నా.

తేమ 30 దాటి కిందికి వచ్చాక కొంచెం కొంచెం పెంచాం. 20 దాటాక ఇంకొంచెం. చివరికి 58 డిగ్రీలు. ఇరవయ్యో రోజు లెక్క 12 దగ్గరికి వచ్చింది. చివరి రోజు రివర్స్ పని. లోపలికి వేడి ఆవిరి వదిలి, పై పొరని మళ్లీ కాస్త తడిపి, పేరుకున్న బిగువుని వదలగొట్టడం. తర్వాత ఒక పలక ముక్కని యూ ఆకారంలో కోసి చూశాం. రెండు కొమ్ములూ లోపలికి ముడుచుకుంటే బిగువు ఉన్నట్టు. నిటారుగా నిలబడితే పాసైనట్టు.

మావయ్య కోశాడు. నిటారుగా నిలబడ్డాయి.

ఆయన ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి నా భుజం మీద చెయ్యేసి, “టీ తాగుదాం పద” అన్నాడు. వంద పైచిలుకు పలకల్లో పనికిరాకుండా పోయినవి నాలుగు.

మీరూ చేయాలనుకుంటున్నారా?

మా తప్పుల ఖరీదుతో కొనుక్కున్న ఐదు మాటలు:

– పెట్టె కంటే ముందు త్రాసు, ఓవెన్ కొనండి. కొలవలేనిదాన్ని ఎండబెట్టకండి.

– ఒకే లోడులో వేప, టేకు, తుమ్మ కలపొద్దు. ఒకే జాతి, ఒకే మందం ఉండాలి.

– మామూలు కంటైనర్ల ప్లైవుడ్ నేలకి పురుగు పట్టకుండా మందులు పట్టిస్తారు. దాన్లో మిర్చి, పసుపు లాంటి తినే సరుకులు ఎండబెట్టే ఆలోచన వద్దు.

– ఎగుమతి ప్యాలెట్లకి వేడి చికిత్స వేరే లెక్క. అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క నడిమధ్యలో 56 డిగ్రీల వేడి వరుసగా 30 నిమిషాలు ఉండాలి. అది పురుగుని చంపడానికే, ఎండబెట్టడానికి కాదు. ముద్ర వేయాలంటే ప్లాంట్ క్వారంటైన్ విభాగం గుర్తింపు ఉండాల్సిందే.

– చదువుకోవడానికి మన దగ్గరే సంస్థలున్నాయి. 1906 నుంచి ఉన్న డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ చెక్క కోసం సోలార్ కిల్న్ కూడా రూపొందించింది. బెంగళూరులో చెక్క శాస్త్ర, సాంకేతిక సంస్థ ఉంది. చిన్న పనికి మంట కంటే ఎండే చౌక.

లాభమా అని అడిగితే...

నిజం చెప్పాలి కదా. చీటీ బాకీ ఇంకా తీరలేదు. ఒక లోడుకి మూడు వారాలంటే ఏడాదికి పదిహేడు లోడులకి మించవు. ఇప్పుడు చుట్టుపక్కల వడ్రంగులు ముగ్గురు తమ పలకలు తెచ్చి అడుగుకి ఇంత అని కిరాయి ఇచ్చి ఎండబెట్టించుకుంటున్నారు. అత్తయ్య ఇప్పుడు కంటైనర్ని తిట్టడం మానేసింది. అంతే కాదు, తేమ లెక్కల నోట్‌బుక్ ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. ఏదైనా పలక బరువు తగ్గకపోతే నాకంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

మొన్న మావయ్యకి ఫోనొచ్చింది. మా రెండో లోడు చెక్కతో చేసిన తలుపు ఉన్న ఇంటివాళ్లు. ఆ పేరు స్క్రీన్ మీద చూడగానే ఆయన మొహం మారిపోయింది. నా గుండె కూడా ఒక్క క్షణం ఆగింది. స్పీకర్ ఆన్ చేశాడు.

“తలుపు గురించి కాదండీ, తలుపు బాగుంది. మా తమ్ముడు ఇల్లు కడుతున్నాడు, గుమ్మాలు కూడా మీరే చేయాలి. వచ్చే నెలకి ఇస్తారా?”

మావయ్య నా వైపు చూశాడు. నేను అత్తయ్య వైపు చూశా. అత్తయ్య నోట్‌బుక్ తిరగేసింది.

“వచ్చే నెల కాదు. చెక్క ఇంకా 28 మీదుంది. ఆ పై నెల అని చెప్పండి” అంది.

మావయ్య అదే చెప్పాడు.